600 కిలోమీటర్ల బ్రెవే తొక్కినవాడు 84 కిలోమీటర్ల రేసులో ఎందుకు విడిపోయాడు: ఒక కేస్ స్టడీ

రైడర్ వయసు 33. హైదరాబాద్‌లో ఉద్యోగం, బరువు 68 కిలోలు, వారానికి ఎనిమిది తొమ్మిది గంటల సైక్లింగ్. నాలుగేళ్ళుగా బ్రెవేలు తొక్కుతున్నాడు. బ్రెవే అంటే రేసు కాదు, బయటి సాయం లేకుండా గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు రైడ్. 200, 300, 400, 600 నాలుగూ ఒకే సీజన్‌లో ముగించి సూపర్ రాండనర్ అయ్యాడు. 20 నిమిషాల పరీక్షలో సగటున 250 వాట్లు తొక్కాడు. అందులో 95 శాతం లెక్కన ఎఫ్‌టీపీ (దాదాపు గంటసేపు నిలకడగా తొక్కగలిగే శక్తి) 238, అంటే కిలోకు 3.5 వాట్లు. అమెచ్యూర్ రేసులో గుంపుతో పాటు ముగింపు గీత దాటడానికి ఇది చాలినంత శక్తే. అయినా మొదటి రోడ్ రేసులో 35వ కిలోమీటరు దగ్గర గుంపు అతన్ని వదిలేసి వెళ్ళిపోయింది. మిగతా 49 కిలోమీటర్లూ ఒంటరిగా తొక్కాడు.

ఏడు వారాల తర్వాత అదే రోడ్డు మీద, దాదాపు అదే వేగంతో జరిగిన రేసును గుంపుతోనే పూర్తిచేశాడు. ఈ మధ్యలో అతని ఎఫ్‌టీపీ పెరిగింది రెండు వాట్లే. మరి మారిందేమిటన్నదే ఈ కేస్.

రోడ్డు, మొదటి రేసు

డివైడర్ ఉన్న వెడల్పాటి రోడ్డులో ఒక ముక్క. పోను 7 కిలోమీటర్లు, రాను 7. రెండు చివర్లా యూటర్న్. ఆరు ల్యాపులకు 84 కిలోమీటర్లు, మొత్తం 11 యూటర్న్‌లు. మన దగ్గర అమెచ్యూర్ రేసులు చాలావరకు ఇలాంటి రోడ్డు మీదే జరుగుతాయి. ట్రాఫిక్ ఆపడానికి దొరికేది ఒక ముక్క రోడ్డు, అది కూడా తెల్లవారుజామున రెండు మూడు గంటలసేపే. పైకి చూస్తే చదును రోడ్డు, ఘాట్ లేదు, కష్టమేముంది అనిపిస్తుంది. అసలు కష్టమంతా ఆ యూటర్న్‌లలోనే ఉంది.

రేసు ముగిశాక అతను చెప్పిన కారణం ఒక్కటే: "స్టామినా చాల్లేదు సార్." దానికి మందుగా ఆదివారం రైడ్‌ను ఆరు గంటలకు పెంచాలనీ, ఎత్తు రిమ్ముల కార్బన్ చక్రాలు కొనాలనీ అనుకున్నాడు. అతనికి శిక్షణ ఇస్తున్న మేం రెండూ వద్దన్నాం. ముందు, తొక్కే వాట్లను క్షణక్షణం నమోదు చేసే పవర్ మీటర్ ఫైల్ చూడాలి. దాంతోపాటు ఒక యూటర్న్ దగ్గర స్నేహితుడు ఫోన్‌లో తీసిన వీడియో ఉంది. రెండో చివర యూటర్న్‌లో అతని స్థానాన్ని బండిమీది కెమెరా నుంచి లెక్కపెట్టాం. ఈ పని ఎవరైనా చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. పవర్ ఫైల్ కన్నా ఎక్కువ చెప్పింది ఆ వీడియోనే.

52 మంది బయలుదేరారు. మొదటి యూటర్న్‌లో అతను 9వ స్థానంలో ఉన్నాడు. రెండోదాంట్లో 18, మూడోదాంట్లో 27, నాలుగోదాంట్లో 36, ఐదోదాంట్లో 43. ఐదో యూటర్న్ దాటగానే ముందున్న చక్రానికీ అతనికీ మధ్య పది మీటర్ల ఖాళీ ఏర్పడింది. ఒక నిమిషం వెంటాడాడు, అందలేదు.

ముందుగా కొట్టేసిన అనుమానాలు

తిండి తక్కువై శక్తి అయిపోయిందా? కాదు. విడిపోయేసరికి రేసు మొదలై 53 నిమిషాలే అయింది. ముందురోజు మామూలుగా భోంచేసినవాడి కండరాల్లో గ్లైకోజెన్ గంటన్నర గట్టి రైడింగ్‌కు సరిపోతుంది. ఎండా? రేసు మొదలైంది ఉదయం 6 గంటలకు, చల్లగానే ఉంది. కాళ్ళు పట్టేశాయా? అదీ లేదు. గుంపు వేగం ఎక్కువైందా? అక్కడిదాకా సగటు గంటకు 39.9 కిలోమీటర్లు. వాట్లు చూస్తే సగటు 201 మాత్రమే, అంటే ఎఫ్‌టీపీలో 84 శాతం. ఆ స్థాయిలో అతను రెండు గంటలు తొక్కగలడు.

కానీ ఎగుడుదిగుళ్ళను లెక్కలోకి తీసుకునే నార్మలైజ్డ్ పవర్ 247 వచ్చింది. ఎఫ్‌టీపీ కన్నా ఎక్కువ. సగటుకూ దీనికీ 46 వాట్ల తేడా ఉందంటే రైడర్ నిలకడగా తొక్కడం లేదు, ఆగుతూ ఎగురుతూ పోతున్నాడని అర్థం. ఫైల్‌లో ఆ ఎగుళ్ళన్నీ యూటర్న్ తర్వాతే ఉన్నాయి. ప్రతి దాని తర్వాతా 12 సెకన్ల పాటు 560 వాట్లు, ఆపైన 40 సెకన్లు 320 వాట్లు. పూర్తి విశ్రాంతి తర్వాత అతను 15 సెకన్లకు తొక్కగలిగే గరిష్ఠం 640. అంటే ప్రతి మలుపు తర్వాతా దాదాపు ఫుల్ స్ప్రింట్ కొడుతున్నాడు.

వెనక ఉన్నవాడు కట్టే పన్ను

యూటర్న్‌లో మొదటి పదిమంది వేగం 20కి తగ్గుతుంది. వాళ్ళకు ముందు ఖాళీ రోడ్డు. 25 సెకన్లలో నింపాదిగా 40కి చేరతారు. నలభయ్యో స్థానంలో ఉన్నవాడి సంగతి వేరు. ముందున్నవాళ్ళు ఇరుకైన చోట పోగుపడటంతో అతను 12 దాకా బ్రేక్ వేయాలి. తను తిరిగేసరికి ముందువాళ్ళు అప్పటికే 40లో ఉంటారు. ఖాళీ పూడ్చాలంటే 45 దాకా ఎక్కాలి, అదీ 12 సెకన్లలో.

మనిషి, బండి, సీసాలు, బూట్లు కలిపి 80 కిలోలు అనుకుందాం. 20 నుంచి 40కి చేరడానికి దాదాపు 3,700 జౌళ్ళు కావాలి. 25 సెకన్లలో అంటే 148 వాట్లు అదనం. గాలిని, రోడ్డు ఒరిపిడిని తట్టుకోవడానికి కావలసింది కలిపితే సుమారు 300. అదే 12 నుంచి 45కి చేరడానికి 5,800 జౌళ్ళు. 12 సెకన్లలో అంటే 484 వాట్లు, దానిపైన గాలి. ఫైల్‌లో కనిపించిన 560 ఎక్కడిదో ఇప్పుడు తెలుస్తుంది.

రెండు యూటర్న్‌ల మధ్య పదిన్నర నిమిషాలున్నాయి కదా, ఆ లోపు తేరుకోలేడా అని అడగవచ్చు. ఆ పదిన్నర నిమిషాలూ అతను తొక్కుతున్నది 195 దగ్గర. ఎఫ్‌టీపీకి పైన తొక్కడానికి ఒంట్లో కొద్దిపాటి నిల్వే ఉంటుంది; ఎఫ్‌టీపీకి అంత దగ్గర్లో తొక్కుతూంటే ఖర్చయిన ఆ నిల్వ చాలా నెమ్మదిగా నిండుతుంది. ఐదో మలుపుకల్లా గల్లాపెట్టె ఖాళీ.

ఒకసారి విడిపోయాక తిరిగి కలవలేకపోవడానికి కారణం గాలి. హైదరాబాద్ ఎత్తులో, డ్రాప్స్ (హ్యాండిల్ కింది వంపులు) పట్టుకుని వంగి ఉన్న ఇలాంటి రైడర్‌కు 40 వేగంలో ఒంటరిగా సుమారు 285 వాట్లు కావాలి. గుంపులో దాగి ఉంటే 200 చాలు. అతని ఎఫ్‌టీపీ 238. ఒంటరిగా ఎంత నెట్టినా 37 దాటదు, గుంపు 40లో పోతుంది. నిమిషానికి 50 మీటర్ల చొప్పున దూరం పెరుగుతుంది. ఇక్కడ పట్టుదల ఏమీ చేయలేదు.

స్థానం ఎందుకు జారింది

బ్రెవే అలవాట్లు ఇక్కడ అడ్డుపడ్డాయి. అవి చెడ్డ అలవాట్లని కాదు, అక్కడ ప్రాణం కాపాడేవి అవే. ముందున్న బండికి ఒక బండి పొడవంత దూరం వదలడం, ఎవరైనా పక్కనుంచి వస్తే దారివ్వడం, మలుపుకు చాలా ముందే తొక్కడం ఆపడం. రేసులో బండి పొడవంత దూరం వదిలితే అందులో ఒకడు దూరతాడు, అతనికి మళ్ళీ దూరం వదిలితే ఇంకొకడు. యూటర్న్‌కు చివరి కిలోమీటరులో అనుభవమున్నవాళ్ళంతా రెండు పక్కలనుంచీ ముందుకు పాకుతారు. ఒకే వేగంతో కదలకుండా ఉన్నవాడు తనకు తెలియకుండానే వెనక్కి కొట్టుకుపోతాడు. ఒక్కో మలుపుకు ఏడు నుంచి తొమ్మిది స్థానాలు పోయింది ఇలాగే.

బండిలో దొరికినవి

బ్రెవేకు కట్టిన బండినే రేసుకు తెచ్చాడు. అందరూ ఒకేసారి బయలుదేరే (మాస్ స్టార్ట్) రోడ్ రేసులో ఏరో బార్లు, అంటే మోచేతులు ఆనించి ముందుకు వంగే కడ్డీలు, నిషిద్ధం కాబట్టి స్టార్ట్ లైన్ దగ్గర నిర్వాహకులు విప్పించారు. మడ్‌గార్డులు, సీటు కింది సంచీ అలాగే ఉన్నాయి. ఇవన్నీ చిన్నవి. అసలు నష్టం మూడు చోట్ల జరిగింది.

మొదటిది గేరు. ముందు రింగులకు 50, 34 పళ్ళు, వెనక క్యాసెట్‌లో 11 నుంచి 32 పళ్ళ దాకా. మలుపుకు ముందు అతను 34కి దిగి, మలుపు తర్వాత బరువుగా తొక్కుతూ 50కి ఎక్కిస్తున్నాడు. బరువు మీద గొలుసు ముందు రింగ్ ఎక్కడానికి మొరాయిస్తుంది. మూడో యూటర్న్‌లో రెండు సెకన్లు తడబడింది, ఆ రెండు సెకన్లలో ముందు చక్రం ఐదారు మీటర్లు జరిగింది. అలాగని 50 మీదే ఉంచి వెనక ఏమీ మార్చకపోతే ఇంకో చిక్కు. 50×14లో (ముందు 50, వెనక 14 పళ్ళు) 40 వేగానికి క్యాడెన్స్, అంటే నిమిషానికి పెడల్ తిప్పుళ్ళు, 89, హాయిగా ఉంటుంది. అదే గేరులో 15 వేగానికి క్యాడెన్స్ 33కి పడిపోతుంది. గోడను నెట్టినట్టుంటుంది, తొడలు అక్కడే కాలిపోతాయి. సరైన పద్ధతి: ముందు రింగ్ ముట్టుకోకూడదు. బ్రేక్ వేసే ముందే, ఇంకా తొక్కుతుండగానే, వెనక నాలుగైదు మెట్లు తేలిక చేసి 23 పళ్ళ చుట్టుపక్కలకు రావాలి. 15 వేగంలో క్యాడెన్స్ 55 ఉంటుంది, వెంటనే లేచి తొక్కవచ్చు. వేగం పెరిగేకొద్దీ ఒక్కో మెట్టూ దిగాలి.

రెండోది టైర్లలో గాలి. 25 మి.మీ. టైర్లలో 110 పీఎస్‌ఐ కొట్టాడు. గట్టిగా ఉంటే వేగం అన్న నమ్మకం ఇంకా చాలామందిలో ఉంది. మన తారు రోడ్ల గరుకు మీద అంత గట్టి టైరు ఎగురుతుంది, ఆ ఎగిరేదానికీ శక్తి పోతుంది. మలుపులో పట్టు తగ్గుతుంది. పట్టు తగ్గినవాడు భయపడి ఎక్కువ బ్రేక్ వేస్తాడు, మళ్ళీ సున్నా నుంచి ఎక్కాలి. ఫ్రేములో ఖాళీ కొలిచి 28 మి.మీ. టైర్లు వేయించాం. ముందు 68, వెనక 72 పీఎస్‌ఐ.

మూడోది గొలుసు. గేజ్ పెట్టి చూస్తే సాగుదల 0.75 శాతం దాటింది. లేచి తొక్కినప్పుడు జారడానికి అదీ ఒక కారణం. గొలుసు, క్యాసెట్ రెండూ మార్చాం. ఇంత అరిగాక గొలుసొక్కటే మారిస్తే కొత్త గొలుసు పాత పళ్ళ మీద జారుతుంది.

కార్బన్ చక్రాల డబ్బు మిగిలింది.

ఏడు వారాలు

సోమ, శుక్రవారాలు విశ్రాంతి. బుధవారం గంటసేపు తేలికగా. ఆదివారం మూడు గంటలు, 150 నుంచి 170 వాట్ల మధ్య. ఆరు గంటల రైడ్ ఒక్కటీ లేదు. ఓర్పు అతనికి ముందే ఉంది, ఉన్నదాన్నే మళ్ళీ పెంచుకుంటూ పోతే లేనిది రాదు.

మంగళవారం యూటర్న్ సాధన. ఊరి శివార్లలో రియల్ ఎస్టేట్ వెంచర్లలో ఇళ్ళు రాని 40 అడుగుల రోడ్లు దీనికి చక్కగా పనికొస్తాయి. బండ్లుండవు, నేల బాగుంటుంది. 300 మీటర్ల దూరంలో రెండు కోన్లు. 35 వేగంతో రావాలి, గేరు తేలిక చేయాలి, బండి నిటారుగా ఉండగానే బ్రేక్ పని ముగించాలి, వంగేటప్పటికి లివర్లు వదిలేయాలి. మన యూటర్న్ కుడివైపుకు కాబట్టి కుడి పెడల్ పైకి, ఎడమ పెడల్ కిందికి, బరువంతా ఎడమ పాదం మీద. చూపు ముందు చక్రం మీద కాదు, బయటికెళ్ళే దారి మీద ఉండాలి. చూపెటుంటే బండి అటే పోతుంది. మలుపు దాటాక 12 తొక్కుళ్ళు లేచి, తర్వాత కూర్చుని. మొదటి వారం ఎనిమిది సార్లు, ఆరో వారానికి పద్నాలుగు.

గుంపులో ఏ దారి పట్టాలన్నది వేరే పాఠం. డివైడర్‌ను ఒరుసుకునే లోపలి దారి దగ్గరే, కానీ అందరూ అక్కడే ఇరుక్కుంటారు. డివైడర్ చివర ఇసుక, గులకరాళ్ళు పేరుకునేదీ అక్కడే. మధ్యకు కాస్త ఎడమగా, పెద్ద వంపుతో తిరిగేవాడు రెండు మూడు మీటర్లు ఎక్కువ తొక్కినా 18 కన్నా తగ్గడు. రేసు ఉదయం వెళ్ళి రెండు మలుపుల దగ్గరా ఇసుక ఎక్కడుందో కళ్ళారా చూసుకోవాలి. తెల్ల పెయింట్ గీతల మీద మంచు పడి ఉంటే వాటిమీద బండి వంచకూడదు.

గురువారం: 20 నిమిషాలు ఒళ్ళు వేడెక్కించాక, 15 సెకన్లు 450 వాట్లు, 45 సెకన్లు 180 వాట్లు. ఇలా పది సార్లు ఒక సెట్, మూడు సెట్లు, మధ్య ఐదేసి నిమిషాలు. 45 సెకన్లలో పూర్తిగా ఆపకూడదు. రేసులోనూ విశ్రాంతి అంటే 180, 190 వాట్లు తొక్కుతూ తీసుకునేదే.

శనివారం ఎనిమిది మందితో గుంపు సాధన. పచ్చిక మీద నడక వేగంతో భుజం భుజం ఆనించి తొక్కడం, మోచేయి తగిలినా హ్యాండిల్ కదపకపోవడం. తర్వాత రోడ్డు మీద ముందు చక్రానికి అర మీటరు దూరంలో 20 నిమిషాలు. ఈ భయం పోవడానికి నాలుగు శనివారాలు పట్టింది. మొత్తం కార్యక్రమంలో అతనికి అన్నిటికన్నా కష్టమైంది ఇదే, అన్నిటికన్నా పనికొచ్చిందీ ఇదే.

మూడో వారంలో తప్పు జరిగింది. ముందే పేరిచ్చిన 300 కిలోమీటర్ల బ్రెవే తొక్కనిచ్చాం. తర్వాతి గురువారం రెండో సెట్‌లోనే 450 కాస్తా 410కి పడింది. సెట్ ఆపేసి నాలుగు రోజులు తేలిక రైడ్లతో సరిపెట్టాల్సి వచ్చింది. దాదాపు ఒక వారం సాధన పోయింది. పేరిచ్చినా సరే వదులుకోమని చెప్పాల్సింది.

తిండి, నీళ్ళు

మొదటి రేసులో ఒక సీసా మంచినీళ్ళు, జేబులో పల్లీ చిక్కీ. 40 వేగంలో చిక్కీ నమలడం ఎవరివల్లా కాదు, పైగా అందులో కొవ్వు ఎక్కువ. 53వ నిమిషంలో విడిపోవడానికి ఇది కారణం కాకపోయినా, గుంపులోనే ఉండి ఉంటే రెండో గంటలో ఇదే కారణమయ్యేది.

రెండో రేసుకు తెల్లవారుజామున 3:15కు ఐదు ఇడ్లీలు, రెండు పెద్ద చెంచాల తేనె, ఒక అరటిపండు. సుమారు 110 గ్రాముల కార్బోహైడ్రేట్. చట్నీ, సాంబారు లేవు. కొవ్వు, పీచు ఉన్నవి కడుపులో ఆలస్యం చేస్తాయి. రేసులో రెండు 750 మి.లీ. సీసాలు. ఒక్కోదానిలో 50 గ్రాముల పంచదార, గ్రాము ఉప్పు, అర నిమ్మచెక్క. వీటికి తోడు 25 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉన్న జెల్ ఒకటి. గంటకు దాదాపు 60 గ్రాములు అందాలన్నది లెక్క. ఓఆర్‌ఎస్ కలుపుకుంటే చాలదా అని చాలామంది అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే. అది విరేచనాలైనవారి ఒంట్లో నీరు నిలపడానికి చేసింది, రేసుకు ఇంధనం కాదు. కొబ్బరినీళ్ళలో పొటాషియం బాగుంటుంది గానీ చెమటలో ఎక్కువగా పోయే సోడియం తక్కువ.

రెండో రేసు

47 మంది. స్టార్ట్ లైన్‌కు 5:40కే వెళ్ళి రెండో వరసలో నిలబడ్డాడు. అంతకుముందు 25 నిమిషాల వార్మప్, అందులో పదేసి సెకన్ల మూడు స్ప్రింట్లు.

పెట్టుకున్న నియమం ఒకటే: యూటర్న్‌కు 1.2 కిలోమీటర్ల ముందు, ముందుకు కదులుతున్న ఎవరో ఒకరి వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని మొదటి పదిహేను మందిలోకి రావాలి. దీనికి 40 సెకన్లపాటు 280 వాట్లు ఖర్చు. దండగ కదా అనిపిస్తుంది, లెక్కేస్తే కాదు. ఎఫ్‌టీపీకి పైన పెట్టిన ఖర్చు మాత్రమే చూద్దాం. ముందుకు రావడానికి 1.7 కిలోజౌళ్ళు, ముందునుంచి మలుపు దాటి ఎక్కడానికి 1.5. మొత్తం 3.2. వెనకనుంచి దాటితే 7.1. పదకొండు మలుపులకు 35 ఒకవైపు, 78 ఇంకోవైపు.

యూటర్న్‌లలో అతని స్థానాలు వరసగా 8, 10, 7, 12, 11, 9, 13, 29, 14, 10, 12. పది చోట్ల మలుపు తర్వాత 15 సెకన్ల సగటు 370 నుంచి 410 మధ్యే. 29 ఉన్న చోట 545. ఆ ఎనిమిదో మలుపుకు ముందు కిలోమీటరున్నర దూరంలో సీసా తీసి తాగాడు. ఒక చేత్తో ఉన్నవాణ్ణి చూసి రెండువైపులా అందరూ దాటేశారు. తాగడం మలుపు దాటి గుంపు సర్దుకున్నాక, మొదటి రెండు కిలోమీటర్లలోనే జరగాలని అప్పటికే అనుకున్నాం. దాహంలో ఆ మాట మరిచాడు. మొదటి సీసా ఆరో మలుపుకే అయిపోవాల్సింది, అప్పటికి సగమే తాగాడు.

సమయం 2 గంటల 6 నిమిషాల 40 సెకన్లు, సగటు వేగం 39.8. మొదటి 35 కిలోమీటర్లలో 40.1, అంటే కిందటి రేసు కన్నా కాస్త ఎక్కువే. సగటు 193 వాట్లు, నార్మలైజ్డ్ 224. మొదటి రేసులో 53 నిమిషాలకు 247 తొక్కి ఓడినవాడు, ఈసారి అంతకన్నా తక్కువ తొక్కి రెండు గంటలు నిలిచాడు. ముగింపులో 14వ స్థానం. వారం తర్వాత పరీక్షలో 20 నిమిషాలకు 253, ఎఫ్‌టీపీ 240.

ఒక్క రైడర్‌తో అన్నీ రుజువైపోవు. రెండోసారి ఐదుగురు తక్కువ, రోడ్డు అతనికి తెలిసిన రోడ్డు, కొత్త టైర్లు. వీటిలో దేని వాటా ఎంతో విడదీయలేం. కానీ 29వ స్థానంలో దాటిన ఆ ఒక్క మలుపు, అదే రోజు, అదే బండి మీద, అదే కాళ్ళతో 545 వాట్లు అడిగింది. స్థానం సంగతి దానికన్నా స్పష్టంగా చెప్పేది ఈ ఫైల్‌లో ఇంకోటి లేదు.

మిగిలిన పని స్ప్రింట్. 300 మీటర్లుండగా ఆరో స్థానంలో ఉన్నాడు. అక్కడే లేచి ఎదురుగాలిలో ఒంటరిగా బయలుదేరాడు. 50 వేగంలో 300 మీటర్లంటే దాదాపు 22 సెకన్లు. అతని కాళ్ళలో ఉన్నది 12 సెకన్ల స్ప్రింట్. చివరి 80 మీటర్లలో ఎనిమిది మంది దాటారు. తర్వాతి రేసుకు 170 మీటర్ల దాకా ఒకరి వెనక దాగి ఉండటం, గాలి ఎటునుంచి వీస్తే దానికి రెండోవైపున లేవడం సాధన చేస్తున్నాడు. శనివారం గుంపు సాధన చివర కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకుని ఐదేసి సార్లు.